కీమో వారం మారితే కంచమూ మారాలి

పిల్లకు బ్లడ్ క్యాన్సర్ అని తేలి వార్డులో చేర్చిన మర్నాడు మంచం పక్కన తరచుగా కనిపించేవి మూడు: కొబ్బరిబోండాం, దానిమ్మకాయలు, చుట్టాలెవరో తెచ్చిన హెల్త్ డ్రింక్ డబ్బా. "బలమైన తిండి పెట్టండి" అంటే మనకు తెలిసిన అర్థం అదే మరి. అయితే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌కు మందులు మొదలైన తొలి వారంలో మొదటిది ప్రమాదం కావచ్చు. రెండోది మనం అనుకునే పని చెయ్యదు. మూడోదాంట్లో చాలా భాగం చక్కెరే.

ముందు కొబ్బరినీళ్ళ సంగతి. మందు పడగానే క్యాన్సర్ కణాలు గుంపులుగా పగిలిపోతాయి. వాటిలో ఉన్న పొటాషియం, ఫాస్ఫరస్ ఒక్కసారిగా రక్తంలోకి వస్తాయి, యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. కిడ్నీలు తట్టుకోలేకపోతే పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. డాక్టర్లు దీన్ని ట్యూమర్ లైసిస్ అంటారు. ఆ రోజుల్లో ఎక్కించే సెలైన్‌లో కూడా పొటాషియం కలపరు. ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలో సుమారు 500 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పళ్ళరసాలు, ఓఆర్ఎస్ కూడా ఆ జాబితాలోవే. కొంతమందికి ఫాస్ఫరస్ వల్ల పాలు కూడా తగ్గించమంటారు. రెండు మూడు వారాలు గడిచాక అదే పిల్లకు పొటాషియం పడిపోతే, అదే డాక్టరు కొబ్బరినీళ్ళు తాగించమంటారు. మాట మార్చారని అనుకోవద్దు, మారింది వారం.

దానిమ్మ, బీట్‌రూట్ "రక్తం పడుతుంది" అని పెడతారు. ఈ పిల్లలకు హిమోగ్లోబిన్ తగ్గడానికి అసలు కారణం ఇనుము లోపం కాదు. ఎముక మూలుగ నిండా క్యాన్సర్ కణాలుంటాయి, ఆ తర్వాత మందుల వల్ల మూలుగ కొన్నాళ్ళు పని ఆపేస్తుంది. రక్తం ఎక్కించిన ప్రతిసారీ ఇనుము ఎలాగూ లోపలికి వెళుతూనే ఉంటుంది, ఒక్క సంచిలోనే 200 మిల్లీగ్రాములకు పైన. అందుకే డాక్టరు రాయకుండా ఐరన్ టానిక్ పట్టకూడదు. దానిమ్మను పండుగా తినిపించండి, అంతవరకు మంచిదే.

ఈ జబ్బుకు వైద్యం రెండు నుంచి మూడేళ్ళు నడుస్తుంది. మొదటి నెల ఇండక్షన్, ఆ తర్వాత కొన్ని నెలల గట్టి మందులు, చివర్లో ఏడాదిన్నరకు పైగా ఇంట్లోనే మాత్రలు మింగే మెయింటెనెన్స్. ఒక్కో దశలో మందు వేరు, అది కడుపును ఇబ్బంది పెట్టే తీరు వేరు. గోడకు అతికించిన ఒకే డైట్ చార్టు వచ్చే నెలకే తప్పైపోతుంది. చూడాల్సింది ఫైల్లో ఉన్న మందుల కాగితం.

తూకంరాయిని నమ్మేముందు

ఉదాహరణకు ఐదేళ్ళ పిల్ల, బరువు 16 కిలోలు. నెలలో 800 గ్రాములు తగ్గితే అది ఐదు శాతం, డైటీషియన్‌ను కలవాల్సిందే. కిలోన్నర దాటితే సుమారు పది శాతం, అది ఆలస్యం చెయ్యకూడని విషయం. అయితే తూకం ఎప్పుడూ నిజం చెప్పదు. విల్మ్స్ ట్యూమర్ (కిడ్నీలో వచ్చే గడ్డ), న్యూరోబ్లాస్టోమా (నరాల కణాల నుంచి, తరచుగా పొట్టలో పుట్టే గడ్డ), కాలేయంలో గడ్డ ఉన్న పిల్లల్లో గడ్డే కిలో, అంతకన్నా ఎక్కువ తూగవచ్చు. పొట్టలో నీరు, స్టెరాయిడ్ వాపు, అప్పుడే ఎక్కించిన సెలైన్ ఇవన్నీ ముల్లును పైకి నెడతాయి. అంకె బాగానే ఉంటుంది, లోపల కండ కరిగిపోతూ ఉంటుంది.

అందుకే జబ్బ చుట్టుకొలత కొలవాలి. దీనికి అంగన్‌వాడీల్లో వాడే మూడు రంగుల టేపు చాలు. మోచేయి మడిచి, భుజం మీది ఎముక కొస నుంచి మోచేతి కొస దాకా కొలిచి మధ్యలో పెన్నుతో చుక్క పెట్టండి. చెయ్యి కిందికి వదులుగా వేలాడేశాక ఆ చుక్క మీదుగా టేపు చుట్టండి. చర్మానికి తగలాలి, నొక్కకూడదు. పిక్ లైన్ (మందులు ఎక్కించడానికి రక్తనాళంలో పెట్టిన సన్నని గొట్టం) ఉన్న చెయ్యి వద్దు. ఎప్పుడూ అదే చెయ్యి, వీలైతే కొలిచేదీ అదే మనిషి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 12.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే పోషకాహార లోపం, 11.5 కన్నా తక్కువైతే తీవ్రమైన లోపం. ఆ పైబడిన వయసువాళ్ళకు వేరే పట్టికలున్నాయి. ఏ వయసైనా సరే, రెండు వారాలకోసారి కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటే అంకె ఎటు పోతోందో తెలిసిపోతుంది. రిపోర్టులో ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) తక్కువని కంగారుపడి ప్రోటీన్ పౌడర్ కొనేవాళ్ళుంటారు. ఇన్ఫెక్షన్ వచ్చినా, ఆస్పరాజినేజ్ అనే కీమో ఇంజెక్షన్ పడినా ఆల్బుమిన్ తగ్గుతుంది. పిల్ల తిండిని ఆ ఒక్క అంకెతో కొలవలేం.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, బక్కగా ఉన్న పిల్లలకు ఇన్ఫెక్షన్లు ఎక్కువ, మందులు వాయిదా పడటం ఎక్కువ. మధ్య అమెరికా దేశాల్లో పిల్లల జబ్బ కొలతలు తీసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, వైద్యానికి వచ్చేనాటికే 45 శాతం మంది తీవ్రంగా క్షీణించి ఉన్నారు. అలాంటివాళ్ళలోనే వైద్యం మొదలైన తొలి ఆరు నెలల్లో పుంజుకున్నవాళ్ళ ఫలితాలు, మొదటి నుంచీ బాగున్నవాళ్ళ ఫలితాలకు దగ్గరగా వచ్చాయి. మొదటి రోజు సన్నగా ఉన్నంత మాత్రాన ఏదీ చెయ్యి దాటిపోలేదు. ఆ ఆరు నెలల్లో ఏం పెడతామన్నదే లెక్క.

చారన్నం లెక్క

జాతీయ పోషకాహార సంస్థ, అదే హైదరాబాద్ తార్నాకలోని ఎన్ఐఎన్, 4 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు రోజుకు సుమారు 1360 కిలో కేలరీలు, 16 గ్రాముల ప్రోటీన్ చెబుతుంది. అది ఆరోగ్యంగా ఉన్న పిల్లల మాట. కీమోలో ప్రోటీన్‌ను కిలో బరువుకు 1.5 నుంచి 2 గ్రాముల దాకా పెంచుతారు. అంటే మన 16 కిలోల పిల్లకు 24 నుంచి 32 గ్రాములు. కేలరీలు కనీసం ఆరోగ్యవంతులకు చెప్పినంతైనా అందాలి.

జనం భయపడేది ప్రోటీన్ చాలదేమోనని. నిజానికి అది తేలిక. రెండు కోడిగుడ్లలో 12 గ్రాములు. చిక్కటి ప్యాకెట్ పాలు 200 మిల్లీలీటర్లలో రెండు పెద్ద చెంచాల పాలపొడి, అంటే దాదాపు 15 గ్రాములు, ఒక చిన్న చెంచా చక్కెర కలిపితే ఆ గ్లాసులో సుమారు 250 కేలరీలు, 11 గ్రాముల పైన ప్రోటీన్. రెండు గ్లాసులు, రెండు గుడ్లతో ప్రోటీన్ లెక్క ముగిసింది. ఇంత తేలిగ్గా అయ్యేదానికి ఖరీదైన డబ్బాలు ఎందుకు? సాయంత్రానికి తేలేది కేలరీల లోటు. అవి చాలకపోతే శరీరం ఆ ప్రోటీన్‌నే కట్టెల్లా కాల్చుకుంటుంది, కండకు ఏమీ మిగలదు.

లోటు ఎక్కడ వస్తుందో దగ్గరగా చూడండి. పిడికెడు అన్నం, 100 గ్రాములు, 130 కేలరీలు. దాంట్లో చారు పోసి కలిపితే మొత్తం 140. అదే అన్నంలో 15 గ్రాముల కందిపప్పుతో వండిన ముద్దపప్పు, ఒక చెంచా నెయ్యి వేస్తే 225. తినేది ఆరు ముద్దలే. జ్వరమనీ, అరుగుతుందనీ, "పత్యం" అనీ మనం పెట్టే చారన్నం, మజ్జిగన్నం, బియ్యపు గంజి పిల్ల పొట్టను నింపేసి కేలరీలకు చోటు లేకుండా చేస్తాయి. పిల్ల తినేది పది ముద్దలే అయినప్పుడు ప్రతి ముద్దా బరువుగా ఉండాలి. ఇడ్లీలో కారప్పొడి బదులు నెయ్యితో కందిపొడి, ఉప్మాలో పల్లీలు, జావలో పాలపొడి, దోసె మీద గుడ్డు. సున్నుండలో మినుములు, బెల్లం, నెయ్యి మూడూ ఉన్నాయి కాబట్టి దానికి సాటి వచ్చే బిస్కెట్టు ఏదీ లేదు. పల్లీలు మాత్రం బూజు పట్టనివి, నల్లబడనివి ఏరి వేయించుకోవాలి.

తెలంగాణ అంగన్‌వాడీల్లో చిన్నపిల్లలకిచ్చే బాలామృతం కూడా ఇలాంటిదే. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె. వంద గ్రాములకు 400 పైన కేలరీలు. ఇంట్లో ఉంటే మందుల డబ్బా కన్నా తక్కువగా చూడకండి.

ఇక్కడొక హెచ్చరిక చెప్పి తీరాలి. వారం పది రోజులు దాదాపు ఏమీ తినని, బాగా చిక్కిపోయిన పిల్లకు ఇవన్నీ ఒక్కరోజులో పెట్టకూడదు. ఆకలికి అలవాటుపడిన శరీరంలోకి పిండి పదార్థం ఒక్కసారి వస్తే ఇన్సులిన్ పెరిగి రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి పోతాయి. రక్తంలో అవి పడిపోతే ఊపిరి, గుండె దెబ్బతింటాయి. ఇలాంటి పిల్లలకు అవసరంలో సగంతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూస్తూ, థయామిన్ (విటమిన్ బి1) ఇస్తూ, నాలుగైదు రోజుల నుంచి వారంలో పూర్తి తిండికి తీసుకొస్తారు. ఇది ఆసుపత్రిలోనే జరగాలి.

అర్ధరాత్రి ఆకలి, ఆగిన నెయ్యి

ఇండక్షన్‌లో నెల రోజులు ప్రెడ్నిసలోన్ కానీ డెక్సామెథాసోన్ కానీ, ఏదో ఒక స్టెరాయిడ్ నడుస్తుంది. నిన్నటి దాకా మెతుకు ముట్టని పిల్ల రాత్రి రెండింటికి లేచి పూరీ కావాలని ఏడుస్తుంది. మొహం గుండ్రంగా అవుతుంది, పొట్ట ముందుకొస్తుంది. "ఒళ్ళు చేసింది" అని ఇంట్లో సంబరం. జబ్బ మీద టేపు పెట్టి చూస్తే సన్నబడి ఉంటుంది. స్టెరాయిడ్ కండను కరిగిస్తుంది, కొవ్వును పెంచుతుంది, ఉప్పును, నీటిని పట్టి ఉంచుతుంది, షుగర్, బీపీ పెంచుతుంది, ఎముకల్లో కాల్షియం తగ్గిస్తుంది. ఈ వారాల్లో పిల్లను పస్తు పెట్టకూడదు, మంచం మీదే చిప్స్ ప్యాకెట్లు విప్పనూ కూడదు. రోజులో ఆరేడుసార్లు తినేలా కొంచెం కొంచెం పెట్టండి. అన్నం తగ్గించి కూర, గుడ్డు, శనగ గుగ్గిళ్ళు, పెసరట్టు పెంచండి. అప్పడం, ఊరగాయ, నూడుల్స్ మసాలా, బేకరీ పఫ్ ఆపండి, ఉప్పు వచ్చేది అక్కడి నుంచే. రాత్రికి ఉడికించిన గుడ్డో, చక్కెర లేని పాలో సిద్ధంగా ఉంచుకుంటే రెండింటికి పొయ్యి వెలిగించే పని ఉండదు. మాత్ర ఖాళీ కడుపున వెయ్యొద్దు. కాల్షియానికి పాలు, పెరుగు, రాగులు చూసుకోండి. వంద గ్రాముల రాగిపిండిలో 350 మిల్లీగ్రాములకు అటూ ఇటూ ఉంటుంది.

అదే నెలలో ఆస్పరాజినేజ్ ఇంజెక్షన్లు కూడా పడతాయి. పైన నెయ్యి వెయ్యమని చెప్పిన మాటకు ఇక్కడ బ్రేకు పడవచ్చు. ఈ మందు కొందరిలో ట్రైగ్లిజరైడ్లను (రక్తంలోని ఒక రకం కొవ్వును) విపరీతంగా పెంచుతుంది, కొందరిలో ప్యాంక్రియాస్ (క్లోమం) వాచేలా చేస్తుంది, దాన్నే ప్యాంక్రియాటైటిస్ అంటారు. స్టెరాయిడ్ తోడైతే షుగర్ ఇంకా ఎక్కుతుంది. నెయ్యి మానేసినంత మాత్రాన ప్యాంక్రియాటైటిస్ రాదన్న హామీ ఏమీ లేదు కానీ, రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నన్నాళ్ళు వేపుళ్ళు, వెన్న, నెయ్యి తగ్గించి కేలరీలను అన్నం, ఇడ్లీ, అరటిపండు, వెన్న తీసిన పాలపొడి నుంచి తెచ్చుకోవాలి. పై పొట్టలో నొప్పి మొదలై వీపులోకి పాకి, వాంతులు ఆగకపోతే గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్ళు పట్టకండి. నోటికి ఏమీ ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు పేగుల నరాలను మందగింపజేస్తుంది. వాంతి ఆగడానికి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా మలబద్ధకం చేసేదే. రెండూ కలిస్తే మూడు నాలుగు రోజులు విరేచనం ఉండదు. నీళ్ళు తాగని పిల్లకు పీచు పెంచితే గట్టి ముద్ద ఇంకా గట్టిపడుతుంది, కాబట్టి ముందు నీళ్ళు. మొదటి పది కిలోలకు కిలోకు 100 మిల్లీలీటర్లు, ఆ పై పది కిలోలకు 50 చొప్పున లెక్కిస్తే 16 కిలోల పిల్లకు 1300 మిల్లీలీటర్లు. పాలు, మజ్జిగ, చారు అన్నీ కలిపే ఈ లెక్క. నానబెట్టిన ఎండుద్రాక్ష, బొప్పాయి పండు, ఆకుకూర పప్పు ఆ తర్వాతి మాట. డాక్టరు రాసిన లాక్టులోజ్ లాంటి సిరప్ మలబద్ధకం వచ్చాక వాడటం కన్నా మొదటి నుంచీ వాడటం మంచిది. కౌంట్లు (రక్తంలో తెల్లకణాల సంఖ్య) తక్కువున్నప్పుడు ఎనిమా కానీ, సబ్బు ముక్క కానీ, మరే చిట్కా కానీ మలద్వారం వైపు పనికిరావు. అక్కడ పడిన చిన్న గీత నుంచే సూక్ష్మజీవులు రక్తంలోకి వెళతాయి.

నోరు పుండైనప్పుడు

మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఎక్కువ మోతాదులో ఎక్కించాక నాలుగైదు రోజుల నుంచి నోట్లో పొక్కులు రావచ్చు. గొంతు నుంచి కింది దాకా అదే పొర ఉంటుంది కనుక మింగడం, విరేచనం కూడా నొప్పే. ఆ రోజుల్లో కారం, చింతపండు, టమాటా, నిమ్మ పక్కన పెట్టి, మెత్తగా పిసికి చల్లార్చిన పెరుగన్నం, పాలపొడి కలిపిన రాగి జావ, సగ్గుబియ్యం పాయసం, బాగా ఉడికిన గుడ్డును పాలతో మెదిపి పెట్టండి. గరుకు వద్దు: మరమరాలు, జంతికలు, దోసె అంచు. తినే అరగంట ముందు నొప్పి మందు పడితే ముద్ద దిగుతుంది. ఈ ఒక్క పని చాలామంది మర్చిపోతారు. ఒక గ్లాసు కాచి చల్లార్చిన నీళ్ళలో పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు వేసి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మించండి. ఈ మందు నడుస్తుండగా "బలానికి" అని ఫోలిక్ యాసిడ్ ఉన్న మల్టీవిటమిన్ మీ అంతట మీరు ఇవ్వకండి. మెథోట్రెక్సేట్ పనిచేసేదే ఫోలేట్‌ను అడ్డుకుని. ఎప్పుడు, ఎన్ని గంటలకు, ఎంత ల్యూకోవొరిన్ (ఆ మందు దెబ్బ నుంచి కాపాడే ఫోలేట్ మందు) ఇవ్వాలో డాక్టర్లు గడియారం పెట్టుకుని లెక్కేస్తారు.

ఇష్టమైన తిండి గురించి ఒక మాట. కీమో రోజు పిల్ల ఏడవకూడదని బిర్యానీయో, చాక్లెట్ కేకో తెస్తారు. తిన్న గంటకు వాంతి. ఆ తర్వాత నెలల తరబడి బిర్యానీ వాసన వస్తేనే పిల్ల మొహం తిప్పుకుంటుంది. వాంతికి కారణం మందే అయినా, మెదడు నేరం తిండి మీద వేస్తుంది. 1978లో ఐలీన్ బెర్న్‌స్టీన్ అమెరికాలో కీమో తీసుకునే పిల్లలకు మందుకు ముందు కొత్త రుచి ఐస్‌క్రీమ్ పెట్టి ఈ సంగతి రుజువు చేశారు. తర్వాత అడిగితే ఆ పిల్లలు ఆ ఐస్‌క్రీమ్‌ను వద్దన్నారు. కాబట్టి పిల్లకు ప్రాణమైన వంటకాన్ని కీమో రోజున దాచెయ్యండి. ఆ రోజు సాదా ఇడ్లీయో, బ్రెడ్డో చాలు. వాంతి మందు పడిన అరగంట తర్వాత కొంచెం కొంచెంగా పెట్టండి. తాలింపు ఘాటు వెళ్ళిపోయాక, వేడి తగ్గాక పెడితే వాసన తక్కువ. స్టీలు చెంచా నోట్లో లోహం రుచి తగిలిస్తోందంటే ప్లాస్టిక్ చెంచా ఇచ్చి చూడండి.

చద్దన్నం ఎందుకు వద్దంటే

తెల్లకణాలు, అందులో న్యూట్రోఫిల్స్ 500 కన్నా తగ్గినప్పుడు పచ్చివన్నీ మానిపించడం చాలాకాలం ఆనవాయితీ. పండు లేదు, పెరుగు లేదు, సలాడ్ లేదు. పిల్లల మీదే చేసి 2018లో ప్రచురించిన ఒక పరీక్షలో 150 మందిని రెండుగా విడదీశారు. సగం మందికి ఆ కఠిన పత్యం, మిగతావారికి మామూలు శుభ్రత నియమాలు. ఇన్ఫెక్షన్లు రెండు వైపులా దాదాపు సమానంగా వచ్చాయి. అంటే ఏం తింటున్నారన్న దానికన్నా అది ఎలా వండి, ఎంతసేపు ఉంచారన్నది ముఖ్యం. పెరుగు, పండ్ల విషయంలో ఆసుపత్రుల పద్ధతులు ఇంకా వేరువేరుగా ఉన్నాయి, మీ వార్డు చెప్పినట్టే నడుచుకోండి. కానీ నిషేధాల చిట్టా పెంచుకుంటూ పోయి పిల్లను ఆకలితో ఉంచడం లాభం కన్నా నష్టం ఎక్కువ.

ఎంతసేపు అన్నదానికి చద్దన్నమే సాక్ష్యం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. రాత్రంతా గది వేడిలో ఉంచితే మొలకెత్తి, పెరిగి విషాన్ని వదులుతాయి. పొద్దున ఎంత పొగలు కక్కేలా వేడిచేసినా ఆ విషం పోదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు చాలావరకు తట్టుకుంటారు. కౌంట్లు లేని పిల్లకు చద్దన్నం, తరవాణి, రాత్రి మిగిలిన పులిహోర వద్దు. పులియబెట్టిన పిండితో అప్పుడే వేసిన ఇడ్లీ, దోసె ఫర్వాలేదు, అవి వెంటనే పొయ్యి మీదికి పోతాయి. పక్కన పచ్చి కొబ్బరి పచ్చడి బదులు వేయించిన పల్లీల పచ్చడి, అప్పటికప్పుడు నూరింది. వండినదేదైనా రెండు గంటల్లో తినిపించాలి లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి. గుడ్డు పచ్చసొన గట్టిపడేదాకా ఉడకాలి. మాంసం కోసిన పీట మీద పండు కొయ్యకూడదు. పండు అరటి, కమలా, బత్తాయి లాంటి తొక్క వలిచేది, ఇంట్లో మీ చేత్తో వలిచింది. బబుల్ క్యాన్ నీళ్ళైనా సరే తెర్లేలా కాచి చల్లార్చాలి. చెరుకురసం, పానీపూరీ, బండి మీది కోసిన పుచ్చముక్క ఊసే వద్దు. సత్రంలో, ఒక్క స్టవ్వు మీద, ఫ్రిజ్ లేకుండా వండుకునే కుటుంబాలకు మాకు తోచే మార్గం ఒకటే: పూటకు పూట చిన్న కుక్కర్‌లో పప్పు బియ్యం కలిపి వండటం, మధ్యలో పాలపొడి, వేయించిన సత్తుపిండి, ఉడికిన గుడ్డు, అరటిపండు.

జ్వరం, దాంతోపాటు కడుపునొప్పి, ముఖ్యంగా కుడివైపు కింద, కౌంట్లు తక్కువున్న రోజుల్లో వస్తే పేగు వాపు అయ్యుండొచ్చు. తిండి ఆపి ఆసుపత్రికి. అక్కడ తిండి మాట తర్వాత.

బొప్పాయి ఆకు రసం, తిప్పతీగ, గాడిదపాలు, గోధుమగడ్డి రసం గురించి అడగని ఇల్లు ఉండదు. పచ్చి ఆకురసాల్లో క్రిములు, తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న కేసులు, మరగని పాలల్లో జబ్బులు. కాలేయం మీదే మందులు నడుస్తుండగా ఇంకో భారం ఎందుకు? "చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుంది" అని మాన్పించడం కూడా ఇదే కోవ. స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరిగితే అది వేరు, లేకపోతే పాలలో చెంచా చక్కెర మానిపించి సాధించేదేమీ లేదు. కూరలో పసుపు సరే, పసుపు క్యాప్సూళ్ళు వద్దు.

ముక్కు గొట్టం శిక్ష కాదు

ఎంత బతిమాలినా అవసరంలో సగం కూడా తినలేక నాలుగైదు రోజులు గడిస్తే ముక్కు గుండా కడుపులోకి సన్నని గొట్టం వేస్తారు. వార్డుల్లో దీన్ని రైల్స్ ట్యూబ్ అంటారు. తల్లిదండ్రులు దీన్ని ఆఖరి దశగా చూసి వాయిదా వేస్తారు, ఈలోగా కిలో పోతుంది. నిజానికి గొట్టం పడ్డాక కంచం ముందు జరిగే రోజువారీ యుద్ధం ఆగుతుంది, చేదు మందులు కూడా అందులోనే పోతాయి. ప్లేట్‌లెట్లు బాగా తక్కువుంటే ముందు వాటిని ఎక్కించి వేస్తారు. పేగు మూసుకుపోతేనో, అసలు పనిచెయ్యకపోతేనో రక్తనాళం ద్వారా పోషణ. అది ఖరీదు, ఇన్ఫెక్షన్ భయమూ ఎక్కువ.

గొట్టం కడుపులోనే ఉందో లేదో తేల్చేది లాగిన ద్రవం ఆమ్లత్వం. పీహెచ్ కాగితం మీద 5.5 లేదా అంతకన్నా తక్కువ రావాలి. గాలి కొట్టి స్టెతస్కోప్‌తో వినడం నమ్మదగిన పరీక్ష కాదు. ఇక్కడొక మెలిక ఉంది. స్టెరాయిడ్‌తో పాటు ఇచ్చే ప్యాంటాప్రజోల్ కడుపులో ఆమ్లాన్నే తగ్గిస్తుంది కనుక గొట్టం సరిగ్గానే ఉన్నా కాగితం తప్పు చూపించవచ్చు. అనుమానం ఉంటే ఎక్స్‌రే, అంతవరకు చుక్క కూడా పొయ్యొద్దు. ముక్కు దగ్గర గొట్టం మీద వేసిన గుర్తును ప్రతిసారీ చూడాలి. వాంతైన తర్వాత, గట్టిగా దగ్గిన తర్వాత మరీ.

తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, 150 మిల్లీలీటర్లను ఇరవై ముప్పై నిమిషాల్లో దానంతట అది దిగేలా వదలాలి. పిస్టన్‌తో తోస్తే వాంతి ఖాయం. అయ్యాక 10 నుంచి 20 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్ళు పోసి గొట్టం కడగాలి, అరగంట అలాగే కూర్చోబెట్టాలి.

ఇంటి జావతో వచ్చే చిక్కు చూడండి. గొట్టంలో దిగాలని పలచన చేసి వడగడితే 200 మిల్లీలీటర్లలో 100 కేలరీలు కూడా మిగలవు. ఆసుపత్రి ఫార్ములాలో అదే కొలతకు 200 ఉంటాయి. డబ్బా కొనలేని ఇంటికి ఒక పాత ఉపాయం ఉంది. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి చేసుకోండి. చిక్కగా ఉడికిన జావ కాస్త చల్లారి, వేలు పెట్టలేనంత వేడి మీదే ఉండగా ఒక చిన్న చెంచా ఈ పిండి వేసి కలిపితే, మొలకలోని అమైలేజ్ అనే ఎంజైమ్ పిండి పదార్థాన్ని విరగ్గొట్టి రెండు మూడు నిమిషాల్లో జావ నీళ్ళలా జారుతుంది. కేలరీలు ఎక్కడికీ పోవు. మరుగుతున్న జావలో వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, చల్లారిన దాంట్లో వేస్తే పని నెమ్మదిస్తుంది. పలచబడ్డాక మళ్ళీ ఒక పొంగు రానివ్వాలి, మొలక పిండిలో క్రిములుంటాయి. ఆ తర్వాత పాలపొడి, నూనె కలిపి, సన్నని జాలీలో వడగట్టాలి. గదిలో రెండు గంటలు దాటితే పారబొయ్యాలి.

మాత్రల ఏడాదిన్నర

మెయింటెనెన్స్ వచ్చేసరికి జుట్టు వస్తుంది, బడి మొదలవుతుంది. ఇప్పుడు సమస్య తిరగబడుతుంది. స్టెరాయిడ్ మళ్ళీ మళ్ళీ పడటం, ఆడుకోకపోవడం, "పాపం, అడిగింది ఇవ్వండి" అనే అలవాటు కలిసి చాలామంది పిల్లలు లావెక్కుతారు. ఇండక్షన్ రోజుల నెయ్యి చెంచాను, రెండో గ్లాసు పాలపొడి పాలను ఇప్పుడు టేపు, తూకం చూసి తగ్గించాలి. ఇంటిల్లిపాదీ తినే అన్నం, పప్పు, కూర, పెరుగు చాలు. సాయంత్రం గంట ఆట కావాలి.

రోజూ వేసే సిక్స్ ఎంపీ (మెర్కాప్టోప్యూరిన్ అనే కీమో మందు) మాత్ర గురించి పాత కాగితాల్లో రాత్రిపూట, ఖాళీ కడుపున, పాలు లేకుండా అని ఉంటుంది. పాలలోని ఒక ఎంజైమ్ మందును విరగ్గొడుతుందన్నది కారణం. ఆ నియమం పాటించినవాళ్ళకూ, పాటించనివాళ్ళకూ జబ్బు తిరగబెట్టడంలో తేడా కనిపించలేదని తర్వాతి పరిశీలనల్లో తేలింది. తేడా తెచ్చింది మాత్ర తప్పిపోవడం. రెండు గంటలు ఖాళీ కడుపు కోసం ఎదురుచూస్తూ పిల్ల నిద్రపోతే ఆ రోజు మాత్ర పోయినట్టే. మీ డాక్టరు కాదంటే తప్ప, ఇంట్లో అందరూ మేలుకుని ఉండే రాత్రి భోజనం వేళకే పెట్టుకోండి. పెరుగన్నం ఆఖరి ముద్ద తర్వాత మాత్ర వేసి, నోట్‌బుక్‌లో టిక్కు కొట్టండి.